సిట్‌కామ్ ఎపిసోడ్‌లో కంటిన్యుటీ తప్పులు పట్టడం ఎలా: మొదలు నుంచి చివరి దాకా

ఒక షాట్‌లో గ్లాసు నిండా నీళ్లు. మరుక్షణం అదే గ్లాసు సగానికి ఖాళీ. మధ్యలో ఎవరూ తాగలేదు. సీరియళ్లు, సిట్‌కామ్‌లు (అవే పాత్రలతో వారం వారం నడిచే హాస్య ధారావాహికలు) ఇష్టంగా చూసేవాళ్లకు ఇలాంటిది ఎప్పుడో ఒకసారి కంటపడే ఉంటుంది. దీన్నే కంటిన్యుటీ తప్పు అంటారు. అయితే అనుకోకుండా కంటపడటం వేరు. ఒక ఎపిసోడ్‌ను ముందు పెట్టుకుని, పద్ధతిగా వెతికి, దొరికినదాన్ని నలుగురూ ఒప్పుకునేలా చూపించడం వేరు. ఇక్కడ చెప్పబోయేది రెండోదాని గురించి.

తిరుపతిలో మా మిత్రులం కొందరం ఆదివారం సాయంత్రాలు బైరాగిపట్టెడలో ఒకరింటి మిద్దె మీద చేరి చేసే పని ఇదే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అన్న ఉన్నాడు, టైలరింగ్ చేసే అక్క ఉంది, హోటల్లో సప్లయర్‌గా పనిచేసే తమ్ముడు ఉన్నాడు. ఇలా కూర్చుని చూసీ చూసీ నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. తప్పు దొరికితే సగం పనే అయినట్టు. అది ఎందుకు జరిగిందో చెప్పగలిగితే ఆ ఎపిసోడ్ ఎలా తయారైందో కళ్లకు కడుతుంది, దాన్ని తీసినవాళ్ల కష్టం మీద గౌరవం కూడా పెరుగుతుంది. కింది అడుగులన్నీ అటువైపు నడిపించేవే.

ముందుగా, ఎన్ని కెమెరాలతో తీశారో తెలుసుకోండి

ఎపిసోడ్ ఎలా తీశారో కాస్త తెలిస్తే వెతుకులాట తేలికవుతుంది. అమెరికాలో 1951లో సీబీఎస్ ఛానల్‌లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి, 35 ఎంఎం ఫిల్మ్ మీద, మూడు కెమెరాలతో ఒకేసారి తీశారు. తర్వాత చాలా సిట్‌కామ్‌లు అదే దారి పట్టాయి. 1994 నుంచి 2004 దాకా పది సీజన్లు, 236 ఎపిసోడ్లు నడిచిన ‘ఫ్రెండ్స్’ కూడా అలా ప్రేక్షకుల ముందు, ఒకటికి మించిన కెమెరాలతో తీసిందే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కెమెరాలన్నీ ఒకేసారి తిరుగుతున్నప్పుడు, ఒక టేక్‌లో, అంటే సీన్‌ను ఆపకుండా ఒకసారి తీసినదాంట్లో, ఏ కోణం నుంచి చూసినా గ్లాసులో నీళ్లు ఒకే మట్టంలో ఉండక తప్పదు. కాబట్టి కోణం మారగానే మట్టం కూడా మారిందంటే ఆ రెండు షాట్లూ రెండు వేర్వేరు టేకుల్లోంచి తీసుకున్నవి, లేదా ఒకే టేక్‌లో మధ్య ముక్క కత్తిరించినవన్నమాట. మీకు కనబడింది గ్లాసు కాదు, ఎడిటర్ కత్తెర పడిన చోటు. అక్కడ ఒక నటుడు తడబడి ఉండొచ్చు, జోక్ మార్చి మళ్లీ తీసి ఉండొచ్చు, ప్రేక్షకుల నవ్వు ఎక్కువసేపు సాగితే కత్తిరించి ఉండొచ్చు. ఒకే కెమెరాతో తీసే కామెడీల్లో సంగతి వేరు. అక్కడ ప్రతి కోణాన్నీ విడిగా తీస్తారు కాబట్టి ఏ రెండు షాట్ల మధ్యనైనా తేడా రావచ్చు. అలాంటి తేడా నుంచి ఇంత కచ్చితంగా ఏదీ చెప్పలేం.

తేడా కనబడుతోందని తెలిసి కూడా ఎడిటర్ ఆ షాట్‌నే ఎందుకు ఉంచుతాడు? హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్‌కు ఏది ఎంత ముఖ్యమో అంకెల్లో చెప్పాడు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10, ప్రేక్షకుడి చూపు ఎక్కడుందన్నదానికి 7, తెర మీది అమరికకు 5. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, వస్తువు ఎక్కడుంది అనే కంటిన్యుటీకి చివరన 4 శాతం మాత్రమే. మా ఎడిటర్ అన్న ఈ అంకెలు విని వెంటనే ఒప్పుకున్నాడు. తలంబ్రాల దగ్గర రెండు కెమెరాల ఫుటేజీ ఉంటే పెళ్లికూతురి నవ్వు బాగున్న షాటే పెడతాడట. దోసిట్లో బియ్యం ఎంతున్నాయో చూసి షాట్ ఎంచుకోడు. మీ ఇంట్లో పెళ్లి వీడియో ఉంటే ఈ పనికి అంతకంటే మంచి సాధన లేదు. అక్షింతలు, దండలు, పట్టుచీర కొంగు, అన్నీ కదిలేవే. ఒక గంట దాని మీద కన్ను తిప్పి, ఆ తర్వాత సిట్‌కామ్ పెట్టండి.

ఏ ఎపిసోడ్, ఏ కాపీ

బాగా తెలిసిన ఎపిసోడే తీసుకోండి. కొత్తదైతే కథ లాక్కుపోతుంది, జోకులకు నవ్వుతూ కూర్చుంటారు. డైలాగులు నోటికొచ్చేంత చూసిన ఎపిసోడ్‌లో కథ పక్కకు తప్పుకుని వస్తువులు ముందుకొస్తాయి. భోజనాల సీన్లు, పుట్టినరోజు పార్టీలు, ఆరేడుగురు ఒకే గదిలో ఉండే సీన్లు ఉన్నవైతే మరీ మంచిది. చేతులు ఎక్కువ, ప్లేట్లు ఎక్కువ, తేడా వచ్చే అవకాశమూ ఎక్కువ.

కాపీ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. అధికారికంగా వచ్చిన డిస్కు గానీ, ఓటీటీలో ఉన్నది గానీ చూడండి. కాపీరైట్ తప్పించుకోవడానికి కొందరు వీడియోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పేసి ఎక్కిస్తుంటారు. అలాంటి క్లిప్పును అసలుదానితో పోల్చితే వాచీ చెయ్యి మారుతుంది, పాపిట మారుతుంది, తలుపు ఇటుది అటు పోతుంది. అది తప్పు కాదు, దొంగ కాపీ. తెర మీద ఏదైనా రాత ఉందేమో చూడండి. అక్షరాలు తిరగబడి ఉంటే ఆ కాపీని పక్కన పెట్టేయండి.

పాత సిట్‌కామ్‌లకు ఇంకో చిక్కు ఉంది. ‘ఫ్రెండ్స్’ వచ్చిన రోజుల్లో టీవీ తెర 4:3 నిష్పత్తిలో ఉండేది. తర్వాత ఫిల్మ్‌ను మళ్లీ స్కాన్ చేసి 16:9కి వెడల్పు చేశారు, 2012లో బ్లూరేగా విడుదల చేశారు. అప్పట్లో ఫ్రేము బయట ఉండిపోయిన అంచులు ఇప్పుడు లోపలికొచ్చాయి. తొమ్మిదో సీజన్‌లో దారిదోపిడీ కథ ఉన్న ఎపిసోడ్‌లో, ముఖ్యపాత్రల్లో ఒకరైన రేచల్ ఉండాల్సిన చోట ఆమె స్థానంలో నిలబడ్డ వేరే అమ్మాయి కనబడటం అభిమానుల్లో బాగా పేరుబడిన ఉదాహరణ. అందుకే తెర అంచున ఏదైనా దొరికితే, పాత 4:3 రూపంలో కూడా అది కనబడుతుందా అని చూసి రాయండి. ఆనాటి కెమెరామెన్, ఎడిటర్ తమ ఫ్రేములో లేనిదానికి జవాబు చెప్పుకోవాల్సిన అవసరం లేదు.

మూడుసార్లు, మూడు రకాలుగా చూడండి

మొదటిసారి హాయిగా చూసి నవ్వుకోండి. పెన్ను ముట్టుకోవద్దు.

రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేయండి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. మాట వినబడుతుంటే మన చూపు మాట్లాడేవాళ్ల ముఖం మీదికే పోతుంది. ఎడిటర్‌కు కావలసిందీ అదే. కాబట్టి మాట్లాడేవాళ్లను వదిలేసి వింటున్నవాళ్ల చేతులు చూడండి. చేతులు కట్టుకుని ఉన్నారా, కప్పు ఏ చేత్తో పట్టుకున్నారు, మోచెయ్యి సోఫా మీద ఉందా ఒళ్లో ఉందా. తప్పులు ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి. నలుగురు కలిసి చూస్తుంటే మనిషికొక వస్తువు పంచుకోండి. ఒకరు గ్లాసులు, ఒకరు బట్టలు, ఒకరు తలుపులూ కుర్చీలూ, ఒకరు గోడ మీదివి. అందరూ అన్నీ చూడబోతే ఎవరికీ ఏదీ దొరకదు.

అనుమానం వచ్చిన చోట ఆపి, ఫ్రేము ఫ్రేముగా ముందుకు జరపాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే కీబోర్డు మీద ‘ఈ’ అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేము కదులుతుంది. యూట్యూబ్‌లో వీడియో ఆపి ఉంచి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి పోతుంది. కట్‌కు ముందు చివరి ఫ్రేము, కట్ తర్వాత మొదటి ఫ్రేము, ఈ రెండింటినీ స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెట్టుకోండి. వాదనలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

మూడోసారి సౌండ్ పెట్టి, ఈసారి మాటలు మాత్రమే వినండి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఎవరి పని వాళ్ల కన్ను

ఏం వెతకాలో చెప్పే పట్టికలు చాలా దొరుకుతాయి గానీ, మనిషి తన పనిలో రోజూ చూసే వస్తువులోని తేడా ఏ పట్టికా లేకుండానే పట్టేస్తాడు. ఒకసారి ఒక తెలుగు సీరియల్ నడుస్తోంది. వంటింట్లో అత్తాకోడళ్ల మాటలు. మాలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. టైలర్ అక్క మాత్రం “ఆపబ్బా, కొంచెం వెనక్కి పో” అంది. వెనక్కి జరిపాం. “ముందు షాట్లో పైట మడతలు పెట్టి పిన్ను కొట్టుండాది. ఇప్పుడు చూడు, ఒంటిపొర వేసుకోనుండాది.” నిజమే. రెండు షాట్లలోనూ చీర అదే, రవిక అదే, నిలబడ్డ చోటూ అదే. భుజం మీద మడతలు మాత్రం లేవు. పిన్ను తీసి మళ్లీ పెట్టుకునేంత సమయం ఆ మాటల మధ్య లేదు. మధ్యాహ్నం భోజనానికి ఆగి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు పైట వేరేలా వేసుకుని ఉంటుందని అక్క అంచనా. పూలు వాడిపోయాయేమో చూడమని కూడా ఆమే చెప్పింది. ముందు షాట్లో బిగుతుగా ఉన్న మల్లెమొగ్గలు తర్వాతి షాట్లో విచ్చుకుని ఉన్నాయి. అంటే ఆ రెండు షాట్ల మధ్య గంటలు గడిచాయి. ఒక తేడాను రెండో తేడా బలపరిచిందంటే ఇక అది చూపు పొరపాటు కాదు.

తిండి విషయంలో హోటల్ తమ్ముడి మాటే మాకు చివరి మాట. “అన్నా, ఇడ్లీ తిన్నట్టుండాది గానీ చట్నీ కదల్లేదన్నా” అంటాడు. తెర మీద తినే సీన్లలో నటులు నిజంగా మింగడం తక్కువ. టేకులు ఎన్ని పడతాయో తెలియదు కాబట్టి కెలుకుతూ కూర్చుంటారు, సెట్‌లో వస్తువులు చూసుకునే ప్రాపర్టీవాళ్లు మధ్యమధ్యలో ప్లేటు మార్చేస్తుంటారు. కాబట్టి తిండి సీన్‌లో ముద్దలు లెక్కపెట్టకండి. ప్లేటు మీద స్పూను ఏ దిక్కుకు ఉంది, చట్నీ గిన్నె ఏ పక్కన ఉంది, కాఫీ మీద నురగ ఉందా పోయిందా, అవి చూడండి. ఫిల్టర్ కాఫీ నురగ కాసేపటికే చప్పబడిపోతుంది. పది నిమిషాల సంభాషణలో కాఫీ నురగతో మెరుస్తూనే ఉందంటే గ్లాసులు మారాయన్నమాట.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వాచీ, ఉంగరం, మంగళసూత్రం పైటపైన ఉందా లోపల ఉందా. బొట్టు సైజు. చొక్కా పై గుండీ. చెవి వెనక పెట్టుకున్న జుట్టు. వేసి ఉన్న తలుపు, తీసి ఉన్న తలుపు. ఫోన్ రిసీవర్ ఏ చెవి దగ్గర ఉంది. గోడ గడియారం మాత్రం మీ ప్రాణమిత్రుడు. తిరుగుతున్న గడియారమైతే ఏ షాట్ ముందు తీశారో, ఏది తర్వాత తీశారో అదే చెబుతుంది. మన సీరియళ్లలో గోడకు వేలాడే క్యాలెండర్ కూడా అంతే. కథలో సంక్రాంతి జరుగుతుంటే క్యాలెండర్‌లో ఏ నెల కాగితం పైకి ఉందో ఒకసారి దగ్గరికి లాగి చూడండి.

మాటల్లో దొరికే తప్పులు

మూడోసారి చూసేటప్పుడు నోటు పుస్తకంలో పాత్రకొక పేజీ కేటాయించండి. పేరు, వయసు, పుట్టినరోజు, ఇల్లు, చదువు, ఎవరిని మొదట ఎప్పుడు కలిశారు. ఎపిసోడ్‌లో ఇవి వినబడినప్పుడల్లా సీజన్, ఎపిసోడ్ నంబర్లతో సహా రాసుకోండి. ఏళ్ల తరబడి నడిచిన సిట్‌కామ్‌లో అసలు పంట ఇక్కడే. గ్లాసు మట్టం తప్పు రెండు షాట్లకే పరిమితం. ఈ తప్పులు మాత్రం సీజన్లు దాటి సాగుతాయి, ఎందుకంటే మొదట రాసినవాళ్లు వేరు, తర్వాత రాసినవాళ్లు వేరు.

‘ఐ లవ్ లూసీ’లో లూసీ పక్కింటి స్నేహితురాలు ఎథెల్ మధ్య పేరు ఒక చోట లూయిజ్, ఒక చోట రాబర్టా, ఇంకో చోట మే. వాళ్లిద్దరూ ఉండే భవనం చిరునామా న్యూయార్క్‌లో 623, ఈస్ట్ 68వ వీధి. ఆ నంబరు వెతుక్కుంటూ పోతే మన్‌హటన్ వీధి అయిపోయి ఈస్ట్ రివర్‌లో తేలతాం.

‘ఫ్రెండ్స్’లో రేచల్ స్నేహితురాలు మోనికా ఫ్లాట్ తలుపు మీద మొదట్లో 5 ఉంటుంది, తర్వాత 20 అవుతుంది. ఎదురు ఫ్లాట్‌ది 4 పోయి 19 వస్తుంది. దీన్ని తప్పుల్లో రాయాలా? నా ఉద్దేశంలో రాయాలి, కానీ విడిగా. చిన్న నంబరంటే కింది అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఇల్లు బాగా ఎత్తులో ఉన్నట్టుంది. అది గమనించి కావాలనే నంబరు మార్చారు. ఇది తప్పు దిద్దుకోవడం వల్ల మిగిలిన మచ్చ.

రేచల్ పుట్టినరోజు చూడండి. నాలుగో సీజన్‌లో కాఫీ షాపులో పనిచేసే గుంథర్ అడిగితే మే 5 అని చెబుతుంది. ఏడో సీజన్‌లో కారు నడుపుతూ పోలీసుకు దొరికినప్పుడు, లైసెన్సు చూసిన ఆఫీసరు ఆమెది కుంభరాశి అంటాడు. పాశ్చాత్యుల లెక్కలో రాశి పుట్టిన తేదీని బట్టి వస్తుంది, మనలాగా జన్మనక్షత్రాన్ని బట్టి కాదు. ఆ లెక్కన మే 5 వృషభం. కుంభమంటే జనవరి చివరా ఫిబ్రవరి మొదలూ. కాబట్టి రెండింట్లో ఒకటి తప్పు. లైసెన్సు సాక్ష్యం నోటిమాటకంటే బరువైనది గనుక, నేనైతే మే 5ను తప్పుగా రాసుకుంటాను.

ఏది తప్పు కాదో తేల్చండి

దొరికిన ప్రతిదాన్నీ కొట్టేయడానికే ముందు ప్రయత్నించండి. కొట్టేసినా నిలబడ్డదే మీది.

రెండు షాట్ల మధ్య కథలో సమయం గడిచి ఉండొచ్చు. పాత్ర అబద్ధం చెబుతుండొచ్చు. వయసు తగ్గించి చెప్పే పాత్ర మాటను రచయిత తప్పుగా లెక్కపెట్టేస్తే అది మన తప్పవుతుంది. టీవీలో వేసేటప్పుడు ప్రకటనల కోసం ఛానళ్లు సీన్లు కత్తిరిస్తాయి. డిస్కులో కొన్ని ఎపిసోడ్లు కాస్త పొడుగ్గా ఉంటాయి. మీరు చూసిన కాపీలో లేని ఆ కొన్ని సెకన్లలోనే ఆయన నీళ్లు తాగి ఉండొచ్చు. సబ్‌టైటిల్‌లో తేడా ఉంటే అసలు మాట వినండి. దగ్గరి లెన్స్‌కూ దూరపు లెన్స్‌కూ వస్తువుల మధ్య ఎడం వేరుగా కనబడుతుంది. కుర్చీ జరిగిందని రాసేముందు వెనక గోడతో పోల్చి చూడండి.

నటులు మారడం వేరే సంగతి. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా నడిచి, మన ఆదివారం రాత్రులను నవ్వులతో నింపిన ‘అమృతం’లో అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో వేశారు. ముఖం మారినా అమృత విలాస్ హోటల్ అదే, ఆంజనేయులుగా గుండు హనుమంతరావు అదే, ఇంటి ఓనర్ అప్పాజీ అదే. ఇలాంటిదాన్ని కంటిన్యుటీ తప్పుల్లో కలపడం అన్యాయం. ప్రేక్షకులతో కుదుర్చుకున్న ఒప్పందమది. ‘అమృతం’ చూసేటప్పుడు ఏ ఎపిసోడ్‌లో ఏ నటుడున్నాడో మొదటే రాసుకుని, ఆ తర్వాత హోటల్ బోర్డు, కౌంటరు, వంటగది, టేబుళ్ల వరుస పట్టుకోండి. ఊరూపేరూ ఉన్న హోటల్ సెట్ అన్ని వందల ఎపిసోడ్లపాటు ఎలా నిలబడిందో చూడటమే ఒక ఆనందం.

రాసుకునే తీరు

ఒక తప్పును ఎవరు చదివినా, మీరు పక్కన లేకుండానే రెండు నిమిషాల్లో వెతికి పట్టుకునేలా రాయాలి. మా నోటు పుస్తకంలో ఒకటి ఇలా ఉంటుంది:

“‘ఫ్రెండ్స్’, మొదటి సీజన్, మొదటి ఎపిసోడ్. కాఫీ షాపు. పెళ్లి గౌనుతో వచ్చిన రేచల్‌ను మోనికా అందరికీ పరిచయం చేస్తుంది. చాండ్లర్, రేచల్ ఒకరినొకరు మొదటిసారి చూస్తున్నట్టు ఉంటారు. ‘నా అన్న గుర్తున్నాడుగా’ అన్నది రాస్ విషయంలో మాత్రమే. దీనికి ఎదురు: ఐదో సీజన్ థ్యాంక్స్‌గివింగ్ ఫ్లాష్‌బ్యాక్ ఎపిసోడ్. 1987లోనే చాండ్లర్, రేచల్ ఒకే ఇంట్లో పండక్కి కలిశారు. రకం: కథ తప్పు. కారణం: మొదటి ఎపిసోడ్ నాటికి పాత్రల గతం ఇంకా రాయలేదు. నమ్మకం: పూర్తిగా.”

షాట్ తప్పు అయితే నిమిషం, సెకను కూడా వేయాలి. ఏ కాపీ చూశారో తప్పకుండా రాయాలి, ఎందుకంటే డిస్కుకూ ఓటీటీకీ సమయాలు కలవవు. ‘కారణం’ గడి ఖాళీగా వదలకండి. టేకులు కలిశాయా, షూటింగ్ మధ్యలో ఆగిందా, రచయితలు మారారా, సెట్ మార్చారా. తెలియకపోతే అంచనా అని రాయండి. ఈ ఒక్క గడి వల్లే మా జాబితా పనికొచ్చేదయింది. ఒకే సీన్‌లో టేకులు కలిసిన చోట్లు మూడు కనబడితే, ఆ సీన్ షూటింగ్ రోజు బాగా ఇబ్బంది పెట్టిందని అర్థమవుతుంది. ఆ సీన్‌ను ఈసారి నటన కోసం మళ్లీ చూడండి.

సెట్ మీద ఇదంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటారు. అమెరికాలో స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అంటారు, మన దగ్గర చాలావరకు కంటిన్యుటీ రాసే అసిస్టెంట్ డైరెక్టర్. ఏ టేక్‌లో ఏ మాట దగ్గర కప్పు ఎత్తారో కాగితం మీద రాసుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ రోజంతా నిలబడే మనిషి. మనకు దొరికే ఒక్క తప్పు వెనక వాళ్లు ఆపిన తప్పులు ఎన్నో. మీ జాబితా బయటికి పంపేటప్పుడు వాళ్లు చదువుతారనుకుని రాయండి. “చెత్త ఎడిటింగ్” లాంటి మాటలు తీసేయండి.

ఆఖరుగా, ఎపిసోడ్ చూడని ఒక మనిషికి మీ రెండు స్క్రీన్‌షాట్లు ఇచ్చి, ఏమీ చెప్పకుండా తేడా ఏంటని అడగండి. మా దగ్గర ఆ పని ఇంటి పెద్దమ్మది. ఆమెకు ‘ఫ్రెండ్స్’ తెలియదు, అందులో ఎవరి పేరూ తెలియదు. ఫోన్ దగ్గరికి పట్టుకుని రెండు బొమ్మలూ చూసి, తేడా తనంతట తాను చెబితే ఆ తప్పు జాబితాలోకి పోతుంది. “రెండూ ఒకటే కదా నాయనా” అంటే దాన్ని కొట్టేసి తర్వాతి దాని దగ్గరికి పోతాం.